కొత్తవారు లేచి నిలబడండి

చింతరేవు క్రైస్తవ సంఘంలో ఆదరణ ఎక్కువైపోయిన సంవత్సరం గురించి చెప్పాలంటే, ముందు డాక్టర్ హనోకు విద్యానందం గారి బూట్ల సంగతి చెప్పాలి.

ఆయన అప్పటికింకా డైరెక్టరు కాదు. సంఘాలన్నిటిమీదా అజమాయిషీ చేసే పెద్దాఫీసులో ఒక మూల గదిలో కూర్చుని, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పని ఉద్యోగం చేస్తుండేవారు. ఒక ఆదివారం ఏదో ఊళ్ళో, ముందుగా కబురు పెట్టకుండా, బూట్లతో సహా గుడి గుమ్మంలో నిలబడ్డారు. లోపల ప్రార్థన జరుగుతోంది. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు కాబట్టి ఎవరూ ఆయనను చూడలేదు. కళ్ళు తెరిచాక కూడా లేచి ఎదురొచ్చిన వాళ్ళు లేరు. ముసలాయన ఒకాయన మాత్రం బూట్లు బయట విడిచి వచ్చి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం విద్యానందం గారి గుండెల్లో ముల్లులా దిగింది. ఆర్నెల్లు తిరక్కుండా పెద్దాఫీసులో ఆదరణ విభాగం పుట్టింది. దానికి ఆయనే డైరెక్టరు. ఒక జీపు కూడా ఇచ్చారు.

చింతరేవు సంఘ కాపరి పాస్టర్ జీవరత్నం గారికి సర్క్యులర్ వచ్చేసరికి ఆయన భార్య సలోమి అమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతున్నారు. ఆయన వరండాలో కూర్చుని పైకి చదివారు.

"సంఘములన్నిటికిని తెలియజేయునది ఏమనగా, ఈ సంవత్సరమును ఆదరణ సంవత్సరముగా ప్రకటించడమైనది. ఇకమీదట ఏ నూతన వ్యక్తియు ఆదరింపబడకుండా కూర్చుండరాదు."

"బాగానే ఉందిగా, సలోమీ. కొత్తవాళ్ళను ప్రేమగా చూడమంటున్నారు."

"ప్రేమగా చూడ్డానికి ఆఫీసెందుకండీ?" అన్నారు అమ్మగారు చేట చెరుగుతూ.

ఆయన నవ్వి కాగితాన్ని గోడ మేకుకు గుచ్చారు. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. పెద్దాఫీసు నుంచి వచ్చే కాగితాలు చాలా చూశారు. ఇదీ వాటిలాగే గోడకు వేలాడి, ఎండకు పచ్చబడి, ఒకనాటికి పొయ్యిలోకి పోతుందనుకున్నారు. ఆ లెక్క తప్పింది.

అంతకుముందు చింతరేవులో ఆదరణ లేదని కాదు. దానికి పేరు లేదు, అంతే. గుడిలో చాపల మీద కూర్చునేవారు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఎవరైనా ఆలస్యంగా గుమ్మంలోకి వస్తే చాప మీదున్నవాళ్ళు జరిగేవారు. తల తిప్పేవారు కాదు, పాట ఆపేవారు కాదు. కూర్చున్నచోటి నుంచే మోకాళ్ళ మీద అటు కాస్త, ఇటు కాస్త జరిగితే మనిషి పట్టేంత చోటు వచ్చేది. వచ్చినవాళ్ళు కూర్చునేవారు. వాళ్ళు కలెక్టరు ఆఫీసు గుమాస్తా అయినా, కూలికి వచ్చిన పొరుగూరి మనిషి అయినా జరగడంలో తేడా ఉండేది కాదు. జీవరత్నం గారు ముప్పై ఏళ్ళుగా ప్రసంగాలు చెబుతున్నారు కానీ, తన ప్రసంగాలకంటే ఈ జరగడమే ఎక్కువమందిని గుడిలో కూర్చోబెట్టిందని ఆయనకు లోలోపల అనుమానం.

సర్క్యులర్‌ను అమలు చేసే భారం సంఘ కార్యదర్శి విజయపాల్ గారు తన మీద వేసుకున్నారు. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. పని లేక ఒళ్ళు బరువెక్కి ఉన్నారు. నెల తిరిగేసరికి గేటు ఉపసంఘం, చెప్పుల ఉపసంఘం, దండల ఉపసంఘం, ప్రశ్నల ఉపసంఘం, చిరునవ్వు ఉపసంఘం ఏర్పడ్డాయి. చిరునవ్వు ఉపసంఘానికి సీనియారిటీ ప్రకారం రిటైర్డు డ్రిల్లు మాస్టారు ఏసుపాదం గారు అధ్యక్షులయ్యారు. ఆయన నవ్వగా ఆ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. సభ్యులందరికీ ఊదారంగు పట్టీలు కుట్టించారు. పట్టీ చూశాక పాటల బృందం మొత్తం లేచి వెళ్ళి గేటు ఉపసంఘంలో చేరిపోయింది.

తర్వాత చాపల వంతు వచ్చింది. "చాపపై కూర్చుండబెట్టుట నూతన వ్యక్తి గౌరవమునకు భంగకరము" అని పెద్దాఫీసు తేల్చింది. చాపలు చుట్టి, పాస్టరు గారు అంగీ తొడుక్కునే వెస్ట్రీ గది అటక మీద పడేశారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. వరస చెదరకుండా వాటి కాళ్ళకు తాడు కట్టారు.

ముసలి సువార్తమ్మ ఆ కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, "ఇందులో జరగడం ఎట్లా నాయనా?" అని అడిగింది. ఆమె దొరల కాలం నుంచీ ఒక్క ఆదివారం తప్పకుండా వస్తున్న మనిషి.

"జరగనవసరం లేదు మామ్మగారూ. ఎవరి కుర్చీ వాళ్ళది," అన్నారు విజయపాల్ గారు.

"మరి ఎవరన్నా వొస్తే?"

"వస్తే ఆదరణ ఉంటుంది కదండీ."

మొదటి నూతన వ్యక్తి రెండో ఆదివారం దొరికాడు. పశువుల ఆసుపత్రికి దారి అడుగుదామని మేకను పట్టుకుని గేటు దగ్గర ఆగాడు. ఆ తర్వాత జరిగినదేదీ అతని చేతుల్లో లేదు. చెప్పులు చెప్పుల ఉపసంఘం తీసుకుంది, మెడలో బంతిపూల దండ పడింది, ఏసుపాదం మాస్టారు ఎదురుగా నిలబడి పళ్ళు బయటపెట్టారు. మైకు అతని మూతి దగ్గర పెట్టి, దేవుడు చేసిన మేలేమిటో సాక్ష్యం చెప్పమన్నారు. అతను బెదిరిపోయి, "మేక పాలివ్వట్లేదండి," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఈలోగా మేక దండ తినేసింది. ఆ వారం పెద్దాఫీసుకు వెళ్ళిన నివేదికలో నూతన వ్యక్తి ఒకరు, మేకతో, అని ఉంది. పెద్దాఫీసు అభినందించింది.

జీవరత్నం గారు ఇదంతా చూసి నవ్వుకునేవారే, తిరపతమ్మ సంగతి లేకపోతే.

తిరపతమ్మ ఎండు చేపలు అమ్ముకునే మనిషి. ఆదివారం సంత ముగించుకుని, మెత్తళ్ళ గంప నేరేడు చెట్టు కింద దించి, గుడికి ఆడవాళ్ళ వైపున్న కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. పాటలు, ప్రసంగం, దీవెన అన్నీ అయ్యేదాకా నిలబడే ఉండేది. మోకాళ్ళ నొప్పి కాబోలు, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటూ ఉండేది. ఏడాదిగా ఇదే వరస. ప్రసంగం చెబుతున్నంతసేపూ జీవరత్నం గారి కళ్ళు ఆ కాళ్ళ మీదకే పోయేవి.

ఆదరణ సంవత్సరానికి ముందు ఒకసారి ఆయన గుడి బయట ఆమెను పలకరించారు.

"లోపలికొచ్చి కూర్చోకూడదా, తిరపతమ్మా?"

"వొద్దులే అయ్యగారూ. చేపల కంపు."

"లోపలున్నవాళ్ళలో సగంమంది నీ మెత్తళ్ళే తిని వస్తారు."

ఆమె నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అదిగాదయ్యా. పొద్దున లేచిందగ్గర్నించీ అందరూ నన్ను అడిగేవోళ్ళే. ఎంత? ఎందుకంత? తగ్గిత్తావా లేదా? ఇంటికి పోతే మొగుడు, ఇంతసేపు యాడికి పోయినావని. ఈ కిటికీ కాడ నిలబడితే ఆ కాసేపు నన్నెవరూ ఏందీ అడగరు. లోపలికొత్తే అడుగుతారేమోనని."

"మా వాళ్ళు ఏమీ అడగరమ్మా. జరుగుతారు, అంతే."

"అట్నా?" అని ఆమె కిటికీలోంచి లోపలి చాపల వైపు చూసింది. "పై వారం చూద్దాంలే."

పై వారం, ఆ పై వారం అంటూ ఆమె వాయిదాలు వేస్తూనే వచ్చింది. జీవరత్నం గారు తొందరపెట్టలేదు. పదవిలో ఉండగా ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ఆ మనిషి ఒక్క ఆదివారం లోపల కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే చూడాలని. ఇంకే కోరికా ఇంత చిన్నదిగా లేదు కాబట్టి ఇది తీరుతుందనే ఆయన నమ్మకం.

చివరికి తిరపతమ్మ ధైర్యం చేసింది. అయితే అప్పటికి ఆదరణ సంవత్సరం మాంచి జోరు మీద ఉంది. ఆమె గంప చెట్టు కింద పెట్టి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడవడం జీవరత్నం గారు వేదిక మీంచి చూశారు. సంతోషంతో ఆయన చదువుతున్న వాక్యంలో వరస తప్పారు కూడా. మరుక్షణం గేటు ఉపసంఘం ఆమెను చుట్టుముట్టింది.

"కొత్తవారు లేచి నిలబడండి!" అన్నారు విజయపాల్ గారు మైకులో. ఆమె ఇంకా కూర్చోనేలేదు.

పేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకు, మా సంఘం గురించి ఎలా తెలిసింది, రక్షణ పొందారా, పొందితే ఎప్పుడు, పొందకపోతే ఎందుకు పొందలేదు అని ప్రశ్నల ఉపసంఘం వరసగా అడిగింది. మెడలో దండ పడింది. ఫోటో తీశారు. ఏసుపాదం మాస్టారు పళ్ళు బయటపెట్టారు. ఆ తర్వాత మైకు ఆమె చేతికిచ్చారు.

"నాకేం తెల్దయ్యా," అంది తిరపతమ్మ. మైకు కుర్చీలో పెట్టి, దండ తీసి మైకు మీద పెట్టి, వచ్చినదారినే వెళ్ళిపోయింది. నడిచేటప్పుడు ఆమె కళ్ళు తుడుచుకోవడం జీవరత్నం గారు చూశారు. విజయపాల్ గారూ చూశారు. నివేదికలో 'నూతన వ్యక్తి ఒకరు, ఆనందబాష్పములతో నిష్క్రమించిరి' అని రాశారు.

ఆ సాయంత్రం పాస్టరు గారికి అన్నం సహించలేదు.

కానీ తిరపతమ్మ మొండిది. తర్వాతి ఆదివారం మళ్ళీ కిటికీ దగ్గరకు వచ్చింది. జీవరత్నం గారికి ప్రాణం లేచివచ్చింది. విజయపాల్ గారికి మాత్రం చిక్కొచ్చి పడింది. కిటికీ దగ్గర నిలబడిన మనిషి లోపలున్నట్టా, బయటున్నట్టా? ఆయన స్పష్టత కోరుతూ పెద్దాఫీసుకు రాశారు. తిరుగు టపాలో జవాబు వచ్చింది. "కిటికీ ద్వారా వాక్యము ఆలకించుట ఆదరణను తప్పించుకొనుటగా పరిగణింపబడును. కావున ఆరాధనా సమయమున కిటికీలు మూసి ఉంచవలెను."

రోహిణీ కార్తె ఎండల్లో కిటికీలు మూశారు.

"ఆమెను వదిలెయ్యండి, విజయపాల్ గారూ," అన్నారు పాస్టరు గారు. బతిమాలినట్టే అన్నారు.

"వదిలెయ్యడానికి నిబంధనల్లో వీల్లేదండి, అయ్యగారూ. ఆదరించకుండా వదిలేస్తే అది అనాదరణ కిందకొస్తుంది. అనాదరణకు సంజాయిషీ ఇచ్చుకోవాలి."

"పోనీ, ఆమెకు ఇష్టం లేదు కదండీ."

"ఇష్టాయిష్టాల ప్రస్తావన సర్క్యులర్లో ఎక్కడా లేదండి," అన్నారు విజయపాల్ గారు చాలా మర్యాదగా.

కిటికీలు మూసుకున్నాక ఇంకో కష్టం వచ్చింది. ఊరు చిన్నది. నూతన వ్యక్తులు అయిపోయారు. దారిన పోయేవాళ్ళు గుడి వీధి మానేసి చెరకు తోటలమీదుగా తిరిగిపోతున్నారు. పోస్టుమాను ఉత్తరాలు గోడ మీంచి విసురుతున్నాడు. పెద్దాఫీసు పట్టికలో చింతరేవు అడుక్కు జారింది. సంఘాలన్నిటికీ ఇదే బాధ కావడంతో డైరెక్టరు గారు దయతలచి, వరసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాని ఏ వ్యక్తినైనా నూతన వ్యక్తిగా పరిగణించవచ్చునని సవరణ తెచ్చారు.

సవరణ వచ్చిన వారం నుంచే సభ్యులు మానెయ్యడం మొదలుపెట్టారు. మూడు వారాలు ఇంట్లో కూర్చుంటే దండ, ఫోటో, మైకులో పేరు. ప్రతివారం వస్తే తాడు కట్టిన కుర్చీ. ఎవరైనా ఏం చేస్తారు? ఏళ్ళ తరబడి క్రమం తప్పని కుటుంబాలు దీక్షగా గైర్హాజరయ్యాయి. ఓపిక లేనివాళ్ళ కోసం విజయపాల్ గారు నక్కలమిట్ట సంఘంతో ఒప్పందం చేసుకున్నారు. ఒక వారం వాళ్ళు ట్రాక్టరెక్కి వచ్చి ఇక్కడ నూతన వ్యక్తులవుతారు, మరో వారం వీళ్ళు వెళ్ళి అక్కడవుతారు. రాకపోకల్లో పరిచయం పెరిగి రెండు పెళ్ళిళ్ళు కూడా కుదిరాయి. పెళ్ళివారిని నూతన వ్యక్తులుగా చూపించవచ్చా అని మళ్ళీ పెద్దాఫీసుకు రాశారు.

ఇలా ఆదరించేవాళ్ళు, ఆదరింపబడేవాళ్ళు అందరూ గేటు దగ్గరే ఉండిపోవడంతో, ఆరాధన మొదలయ్యే వేళకు లోపల సువార్తమ్మ ఒక్కతే మిగిలేది. జీవరత్నం గారు ఆమెకే ప్రసంగం చెప్పేవారు.

ఒక ఆదివారం దీవెన అయ్యాక ఆమె కుర్చీ దిగలేక ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది.

"అయ్యగారూ, నేనూ మూడు వారాలు మానేత్తే నాకూ దండేత్తారా?"

"వేస్తారమ్మా."

"నన్నెవరూ రామ్మా కూచో అని ఇన్నేళ్ళలో అన్లేదు. ఒకసారి అనిపించుకోవాలని ఉంది." ఖాళీ కుర్చీల వైపు చూసింది. "మరి నేను మానేత్తే మీరు ఎవరికి చెప్తారు?"

ఆయన ఆమె చెయ్యి వదలకుండా గుమ్మం దాకా నడిపించారు.

ఆ తర్వాత డైరెక్టరు గారే తనిఖీకి వచ్చారు. ఆరాధన వేళకు జీపు దిగగానే విజయపాల్ గారికి చెమటలు పట్టాయి. డైరెక్టరు గారు చింతరేవుకు రావడం ఇదే మొదటిసారి. అంటే నూతన వ్యక్తి. ఆదరింపబడకుండా కూర్చోరాదు. ఈ ధర్మసందేహం భయపడుతూనే విన్నవించారు.

"నిబంధన ముందు అందరూ సమానులే," అన్నారు విద్యానందం గారు. దండ కోసం మెడ ముందుకు చాచారు. "నన్ను సంపూర్ణముగా ఆదరించుడి."

సంపూర్ణంగానే మొదలుపెట్టారు. చెప్పుల ఉపసంఘం బూట్లు అందుకుంది. గేటు ఉపసంఘం గేటు మూసి మళ్ళీ తెరిచింది. నక్కలమిట్ట ట్రాక్టరు కూడా వచ్చి ఉండటంతో దండలకే చాలాసేపు పట్టింది. ప్రశ్నల ఉపసంఘం, ఒక్కటి కూడా వదలకుండా, రక్షణ దాకా అన్నీ అడిగింది. తర్వాత మైకు చేతికిచ్చారు. తన బూట్లను, తన మనసును ఎవరూ పట్టించుకోని ఆ పాత ఆదివారం గురించి డైరెక్టరు గారు చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో కాళ్ళూచేతులూ ఆడే క్రైస్తవులందరూ గేటు దగ్గర నిలబడి వింటున్నారు.

లోపల గంట కొట్టే వేళ దాటిపోయింది. జీవరత్నం గారు ఖాళీ కుర్చీల వైపు, సువార్తమ్మ వైపు చూశారు. ఉక్క భరించలేక, నిబంధన సంగతి తర్వాత చూసుకుందామని వెళ్ళి ఆడవాళ్ళ వైపు కిటికీ రెక్క తెరిచారు.

తిరపతమ్మ అక్కడే ఉంది. మూసిన రెక్కకు చెవి ఆనించి నిలబడి ఉన్నట్టుంది, రెక్క తెరుచుకోగానే వెనక్కు తూలింది. ఇన్ని ఆదివారాలుగా ఆమె రావడం మానేసిందనే ఆయన అనుకున్నారు. ఆమె మానలేదు. ఎండలో మూసిన కిటికీ బయట నిలబడి, చెక్క వెనకనుంచి వచ్చినంత విని వెళ్ళిపోతోంది. పాస్టరు గారికి సిగ్గేసింది. కిటికీ మీదకు వంగి అన్నారు.

"వెస్ట్రీ తలుపు తీస్తాను, ఆ దారిన రా. ఇవాళ లోపల ఎవరూ లేరు."

"ఎవరూ లేరా?"

"నిన్ను అడిగేవాళ్ళెవరూ లేరు."

ఆయనే స్టూలెక్కి అటక మీంచి ఒక చాప లాగారు. దుమ్ము రాలి తెల్ల అంగీ అంతా మాసింది. వెస్ట్రీ తలుపు పక్కన పరిచారు. సువార్తమ్మ కుర్చీ దిగి వచ్చి, "అమ్మయ్య," అంటూ చాప మధ్యలో కూలబడింది. తిరపతమ్మ గంప తలుపు బయట పెట్టి గుమ్మంలో నిలబడింది. సువార్తమ్మ తల తిప్పలేదు. మోకాళ్ళ మీద అటు కాస్త జరిగింది.

తిరపతమ్మ కూర్చుంది.

పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. ఆమె వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. ప్రసంగం పొట్టిగా ముగించారు. మధ్యలో ఒక్కసారి కళ్ళు అటు పోయాయి. ఆమె గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ప్రార్థన చేస్తోందో, కునుకు తీస్తోందో ఆయన విచారించలేదు.

దీవెన చెబుతుండగా ఉపసంఘాలన్నీ వెంటరాగా డైరెక్టరు గారు లోపలికి వచ్చారు. మెడలో దండలు ముక్కు దాకా ఉన్నాయి. కాళ్ళకు బూట్లు లేవు.

"ఎవరీమె?" అన్నారు. "దండ లేదు! ఆదరింపబడకుండానే కూర్చున్నది!"

విజయపాల్ గారు ఆమెను గుర్తుపట్టారు. మైకు పట్టుకుని ముందుకు వచ్చారు. తిరపతమ్మ చెయ్యి నేలకు ఆనించి లేవబోయింది. ఆమె మొహం చూశాక జీవరత్నం గారికి పెన్షన్ గుర్తొచ్చింది, పెద్దాఫీసు గుర్తొచ్చింది, అవన్నీ ఒక పక్కకు పోయాయి.

"ఇక్కడ కొత్తవాళ్ళెవరూ లేరండి," అన్నారు. "ఈమె మా మనిషే. ఏడాది దాటింది వస్తూ."

"మా తిరపతమ్మ," అంది సువార్తమ్మ. కళ్ళు చికిలించి డైరెక్టరు గారిని కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వెవరు నాయనా? కొత్తగా ఉన్నావే. చెప్పులు బయటిడిసే వచ్చావుగా, కూచో." అని చెయ్యి ఊపింది.

డైరెక్టరు గారి మొహం కందిపోయింది. బూట్ల కోసం వెళ్ళారు.

ఉత్తర్వు వారం తిరక్కముందే వచ్చింది. "చింతరేవు సంఘ కాపరికి ఆదరణ యందు ఆసక్తి లేదని స్వయముగా కనుగొనడమైనది. కావున ఉత్తర్వు మారువరకు ఆయన వేదిక ఎక్కరాదు. సామాన్య సభ్యునిగా ఆరాధనలో కూర్చుండి, ఆదరణ అనగానేమో అభ్యసింపవలెను." ప్రసంగానికి నక్కలమిట్ట పాస్టరు గారిని నియమించారు. ఆయనకు దండ వేశారు.

సలోమి అమ్మగారు ఉత్తర్వు విని, "చొక్కా ఇస్త్రీ చేస్తాను, సామాన్య సభ్యులు అంగీ వేసుకోరుగా," అన్నారు. ఇస్త్రీ చేస్తూ ఒకసారి ముక్కు ఎగబీల్చారు.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి గేటు దగ్గరకు వచ్చారు. జీవరత్నం గారు వెనకటి వారం వచ్చారు కాబట్టి నూతన వ్యక్తి కారు. గేటు ఉపసంఘం ఆయన భుజం మీంచి రోడ్డు వైపు చూసింది. ఏసుపాదం మాస్టారు పళ్ళు బయటపెట్టలేదు. లోపల కుర్చీలన్నీ నూతన వ్యక్తుల కోసం ఖాళీగా ఉంచారు. ఏదో ఒకదానిలో కూర్చోబోతే దండల ఉపసంఘం వారు వినయంగా అడ్డుపడ్డారు. ముప్పై ఏళ్ళుగా వేదిక మీంచే ఆ గుడిని చూసిన మనిషి, వెనక గోడ దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. తన గుడిలోనే తనకు చోటు లేదు. ఇంటికి పోదామా అన్నట్టు భార్య వైపు చూశారు.

వెస్ట్రీ తలుపు పక్కన ఆ చాప అలాగే ఉంది. దాన్ని తియ్యమని ఎవరూ సువార్తమ్మతో అనలేకపోయారు. ఆమె పక్కన తిరపతమ్మ కూర్చుని ఉంది. పాట జరుగుతోంది. తిరపతమ్మ తల తిప్పలేదు. మోకాళ్ళ మీద లోపలికి కాస్త జరిగింది. ఆమె జరిగిందని సువార్తమ్మా జరిగింది. సలోమి అమ్మగారు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నారు. ఆవిడ కూడా జరిగాక, చాప చివర ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

జీవరత్నం గారు అక్కడ కూర్చున్నారు. కాళ్ళు ముడుచుకుని, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకున్నారు. ఆ కాసేపు ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.